అమ్మీ, అబ్బా జనాజా ఖర్చు ఎవరి మీద?

ఇంట్లో పెద్దవాళ్లు కన్నుమూసిన రోజు ఖర్చు గురించి ఎవరూ మాట్లాడరు. జేబులో డబ్బున్నవాళ్లు తీసి ఇచ్చేస్తారు. కఫన్ బట్టకు, గుస్ల్ ఇచ్చినవారికి, ఖబర్ తవ్వినవారికి, బండికి, ఖబరస్తాన్ కమిటీకి ఎంతెంత ఇచ్చారో రాసిపెట్టుకునేవాళ్లు తక్కువ. ఆ లెక్క బయటికొచ్చేది నెలా రెండు నెలలయ్యాక, ఇల్లు పంచుకునేటప్పుడు. "అంతా నేనే పెట్టాను" అని పెద్ద కొడుకు అంటాడు. "పెట్టేముందు మమ్మల్ని అడిగావా?" అని చెల్లెళ్లు అంటారు. ఈ తగువుకు ఫిఖ్‌లో జవాబు ఎప్పటినుంచో ఉంది. అది తెలియకనే చాలా ఇళ్లలో తోబుట్టువుల మధ్య రాకపోకలు ఆగిపోతున్నాయి.

ముందుగా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, అంతిమ సంస్కారాల ఖర్చు చనిపోయినవారి సొంత సొమ్ములోంచే తీయాలి. పెద్ద కొడుకు గనక పెట్టాలనే నియమం షరీఅత్‌లో లేదు. వదిలివెళ్లిన ఆస్తిలోంచి మొదట కఫన్, దఫన్ ఖర్చు తీస్తారు. తర్వాత అప్పులు తీరుస్తారు. భార్యకు మహర్ ఇంకా బాకీ ఉంటే అదీ అప్పే. ఆ తర్వాత మిగిలినదాంట్లో మూడో వంతుకు మించకుండా వసియ్యత్ అమలు చేస్తారు. అంతా అయ్యాక మిగిలిందే వారసులది. ఒక్క మినహాయింపు ఉంది: తాకట్టులో ఉన్న వస్తువు మీద అప్పిచ్చినవాడి హక్కే ముందు. గోల్డ్ లోన్‌లో పెట్టిన నగలు విడిపించకుండా, వాటిని ఖర్చుకు లెక్కేసుకోకూడదన్నమాట.

దీనికి ఉలమాలు చూపించే ఆధారాల్లో ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గారి సంఘటన ఒకటి. మక్కాలో సంపన్నుల ఇంట పెరిగిన ఆయన హిజ్రీ 3లో ఉహుద్ యుద్ధంలో షహీద్ అయినప్పుడు వదిలింది ఒక్క దుప్పటి. తల కప్పితే కాళ్లు, కాళ్లు కప్పితే తల బయటపడేవి. తల కప్పి, కాళ్ల మీద ఇజ్‌ఖిర్ గడ్డి వేయమని దైవప్రవక్త (స) చెప్పారు. ఉన్నదంతా కఫన్‌కే పోయినా సరే, అదే మొదటి హక్కు అని దీన్నుంచి అర్థం చేసుకున్నారు.

అయితే ఏది ఖర్చు, ఏది కాదు? గొడవంతా నిజానికి ఇక్కడే. మగవారికి మూడు వస్త్రాలు, ఆడవారికి ఐదు, మధ్యరకం బట్ట, అత్తరు, కర్పూరం, ఖబర్ కూలి, పైన పరిచే రాళ్లు లేదా చెక్కలు, జనాజా తీసుకెళ్లే బండి. ఇవి ఉమ్మడి ఆస్తిలోంచి తీసుకోవచ్చు. మూడో రోజు జియారత్‌కు, చెహల్లుమ్‌కు వండించిన దేగ్‌లు, షామియానా, పాలరాతి సమాధి ఇందులోకి రావు. అవి ఎవరు చేయించారో వారి సొంత ఖర్చు. వారసులంతా పెద్దవాళ్లై, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే వారి వారి వాటాల్లోంచి ఇచ్చుకోవచ్చు. కానీ మైనర్ పిల్లలు వారసులైతే వాళ్ల వాటాలోంచి ఒక్క రూపాయి కూడా భోజనాలకు తీయడానికి లేదు. పిల్లవాడు "సరే" అన్నా ఆ మాట చెల్లదు. యతీమ్‌ల సొమ్ము తినేవారికి సూరా నిసా 10వ ఆయత్‌లో ఉన్న హెచ్చరిక తెలిసినవాళ్లే చెహల్లుమ్ దగ్గర మర్చిపోతుంటారు. అసలు సున్నత్ దీనికి తలకిందులు. జాఫర్ (రజి) షహీద్ అయిన వార్త వచ్చినప్పుడు, ఆ ఇంటివారికే వండి పంపమని ప్రవక్త (స) ఇతరులకు చెప్పారు.

చనిపోయినవారికి ఏమీ లేకపోతే? బతికుండగా వారిని పోషించే బాధ్యత ఎవరిమీద ఉందో ఖర్చు కూడా వారిదే. మన ప్రాంతంలో ఎక్కువమంది పాటించే హనఫీ ఫిఖ్ ప్రకారం, అలాంటివారు ఒకరికన్నా ఎక్కువుంటే వారసత్వ వాటాల లెక్కన పంచుకోవాలి. ఉదాహరణకు, భార్య ముందే చనిపోయిన తండ్రికి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారనుకుందాం. ఖర్చు 18,000 రూపాయలైతే ఆరు భాగాలు చేసి, కొడుకులు ఒక్కొక్కరు 6,000, కూతుళ్లు ఒక్కొక్కరు 3,000 పెట్టుకోవాలి. పెళ్లయి వెళ్లిపోయిందని కూతురిని లెక్కలోంచి తీసేయడం, వాటా దగ్గర కూడా ఆమెను మర్చిపోవడానికే దారితీస్తుంది.

తల్లి విషయం వేరు. భర్త బతికుండగా ఆమె చనిపోతే, ఆమెకు సొంత ఆస్తి ఉన్నా సరే, ఖర్చు భర్తదేనని హనఫీ ఉలమాల ఫత్వా. అమ్మీ గాజులు అమ్మి కఫన్ తెచ్చామని చెప్పుకునే ఇళ్లు ఈ మాట గమనించాలి. ఆ గాజులు వారసులందరివీ.

బంధువులెవరూ లేకపోతే మహల్లాలోని ముస్లింలందరి మీదా అది ఫర్జె కిఫాయా. ఇక్కడ మస్జిద్ కమిటీలు ఒక జాగ్రత్త పాటించాలి: జకాత్ సొమ్ముతో నేరుగా కఫన్ కొనకూడదు. జకాత్‌కు అర్హుడైన బంధువు చేతికి ఇస్తే, ఆయన తన ఇష్టంతో ఖర్చు పెట్టవచ్చు. అందుకే కమిటీల దగ్గర సదఖా, చందాలతో వేరే నిధి ఉండటం మంచిది.

ముందుగా జేబులోంచి పెట్టిన వారసుడు మామూలు స్థాయి ఖర్చును ఆస్తిలోంచి తిరిగి తీసుకోవచ్చు. అల్లుడో, స్నేహితుడో పెడితే, వారసులు అడిగి పెట్టించినప్పుడే వాపసు వస్తుంది. లేకపోతే అది ఆయన చేసిన మేలు కిందే లెక్క. అప్పుగా ఇస్తున్నారో, ఊరికే ఇస్తున్నారో ఆ రోజే ఇద్దరి ముందు ఒక మాట అనేస్తే తర్వాత మొహాలు చూసుకోలేని పరిస్థితి రాదు.

దేశ చట్టం కూడా ఈ వరసనే దాదాపుగా అంగీకరిస్తుంది. 1925 భారత వారసత్వ చట్టం 320వ సెక్షన్ ప్రకారం, మరణించినవారి స్థాయికి తగ్గ అంత్యక్రియల ఖర్చు, చివరి రోజుల వైద్యం ఖర్చు మిగతా అప్పులన్నిటికన్నా ముందు చెల్లించాలి. తల్లిదండ్రుల పోషణకు 2007లో వచ్చిన చట్టం అన్ని మతాలవారికీ వర్తిస్తుంది కానీ, అది బతికున్నప్పటి తిండి, బట్ట, నివాసం, వైద్యం గురించే. బ్యాంకు ఖాతాకు నామినీగా ఉన్న కొడుకు ఆ డబ్బుకు యజమాని అయిపోడు. 2010లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నామినీ డబ్బు తీసుకుంటాడు, ఖర్చులు, అప్పులు పోగా మిగిలింది వారసులకు పంచాలి.

కొన్ని కుటుంబాలకు బయటినుంచి కూడా సాయం అందుతుంది. ఈఎస్ఐ కార్డు ఉన్న కార్మికుడు చనిపోతే అంత్యక్రియలకు 15,000 రూపాయల వరకు వస్తుంది. మూడు నెలల్లోపు దరఖాస్తు చేయాలి. ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల కుటుంబాలకు "మట్టి ఖర్చులు" ఇస్తారు. భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరున్నవారికీ సాయం ఉంది. సౌదీలో పనిచేస్తూ చనిపోతే, శవాన్ని ఇంటికి పంపే ఖర్చు అక్కడి కార్మిక చట్టం ప్రకారం సాధారణంగా యజమానిదే. ఆయన తప్పించుకుంటే, స్తోమత లేని కుటుంబాలు భారత రాయబార కార్యాలయంలోని సంక్షేమ నిధి నుంచి సాయం కోరవచ్చు. వీటిలో ఏది అడగాలన్నా మరణ ధ్రువీకరణ పత్రం కావాలి. 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే ఆలస్య రుసుము ఉండదు.