మితశిల్పము: ఒక వడ్రంగి చరిత్రము

కొయ్యపనివారి యిండ్లలో నొక మాట తరచుగా వినబడును. నగిషీ చెక్కినదే పనితనమనియు, నున్నని బల్లను ఎవడైనను చేయగలడనియు పెద్దలందురు. మేమును చిరకాలమట్లే తలంచితిమి. కాని గడచిన రెండువందల యేండ్ల శిల్పచరిత్రమును పరిశీలించినచో, అక్కరలేనిదానిని తీసివేసి, పనికి వలసినంతమాత్రమే నిలుపుట నగిషీకంటె కష్టతరమైన విద్య యని తోచుచున్నది. నేటివారు దీనిని మినిమలిజమందురు. మేము మితశిల్పమని వ్యవహరింతుము. ఈ విద్య అప్పులపాలైన యొక వడ్రంగి చేతిలో నెట్లు పెరిగెనో, దానివలన వడ్రంగులకు గలిగిన మేలుకీడు లెట్టివో సభ్యులకును పోషకులకును మనవి చేయుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

రైనునదీతీరమందలి బొప్పార్డు పట్టణమున 1796 సంవత్సరమున మైకేల్ థోనెట్ జన్మించెను. ఇతని తండ్రి తోళ్ళు పదును చేయువాడు. థోనెట్ 1819లో సొంతముగా కొయ్యసామానుల కార్ఖానా పెట్టెను. ఆ కాలమున కుర్చీకి వంపు కావలసినచో, వెడల్పైన పలకను తెచ్చి, వంపుగా కోసి, మిగిలినదానిని తుక్కుక్రింద విడువవలసి యుండెను. కొయ్యనారకు అడ్డముగా కోతపడిన చోటనే అది విరుగుచుండెను. కోయక వంచుట సాధ్యమా యని థోనెట్ యోచించెను. 1830 తరువాతి సంవత్సరములలో పలుచని చెక్కపొరలను జిగురులో మరిగించి, అచ్చులలో వంచి అతికెను. కుర్చీ తేలికయయ్యెను, కొయ్యయు మిగిలెను.

కీర్తి వచ్చినంత త్వరగా ధనము రాలేదు. 1841లో కొబ్లెంజి నగరమున జరిగిన ప్రదర్శనమందు ఆస్ట్రియా మంత్రియగు మెటర్నిక్ ఇతని పనిని చూచి వియన్నాకు రమ్మనెను. 1842లో అచటి ప్రభుత్వము కొయ్యను వంచు విధానముపై ఇతనికి హక్కుపత్ర మొసగెను. ఇంతలో స్వస్థలమున ఋణదాతలు ఆస్తిని జప్తు చేయించిరి. నలువదియారేండ్ల ప్రాయమున భార్యాబిడ్డలతో పరదేశమున, ఇతరుల క్రింద, ప్రభువుల భవనములకు కొయ్యనేలలు పరచుచు జీవింపవలసివచ్చెను. 1849లో మరల సొంత కార్ఖానా నెలకొల్పెను. 1851లో లండను మహాప్రదర్శనమున కంచుపతకము లభించెను. 1853లో వ్యాపారమును అయిదుగురు కుమారుల పేర వ్రాసెను.

జిగురుపనియందొక లోపముండెను. తేమగల దూరదేశములకు పోయిన కుర్చీలలో పొరలు విడివడెను. కావున పొరలను మాని నిండుకొయ్యనే వంపవలసివచ్చెను. ఆవిరిలో మెత్తబడిన కొయ్యను వంచునపుడు లోపలివైపు నొక్కుకొనును, వెలుపలివైపు సాగును. కొయ్య నొక్కుడును చాలవరకు ఓర్చును గాని సాగుడును అంతగా నోర్వదు, వెలుపల చీలును. థోనెట్ వెలుపలివైపున నొక యినుపపట్టీని అంటించి, రెండు కొనలయందును బిగించెను. పట్టీ సాగదు గనుక కొయ్యయు సాగలేదు; వంపంతయు నొక్కుడువలననే కలిగెను. అట్లే ఇనుపఅచ్చునకు కట్టి వేడిగదిలో ఆరబెట్టగా వంపు స్థిరపడెను. ఈ చిన్న పట్టీయే యీ కథకు కీలకము. 1856లో దీనికిని హక్కుపత్రము లభించెను. మరుసటియేట మొరేవియాలో బీచి యడవుల నడుమ కొరిట్షాను గ్రామమున కార్ఖానా వెలసెను.

1859లో వెలువడిన పదునాలుగవ నెంబరు కుర్చీయే దీని ఫలము. అందు కొయ్యముక్కలు ఆరే: వెనుకకాళ్ళును వీపును కలిసిన యొక పొడవైన వంపు, దానిలోపల నొక చిన్న వంపు, పీటకొక చక్రము, కాళ్ళను కూర్చుటకొక చక్రము, ముందుకాళ్ళు రెండు. పది మరమేకులు, రెండు నట్టులు. పీట బెత్తపల్లిక. ఎచ్చటను చెక్కడము లేదు. విడదీసిన ముప్పదియారు కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో నిముడుచుండెను. 1867లో పారిసు ప్రదర్శనమున దీనికి బంగారుపతకము వచ్చెను. 1930 నాటికి అయిదుకోట్లవరకు అమ్ముడుపోయెనని లెక్క. వియన్నా కాఫీశాలలనుండి బొంబాయి ఇరానీ హోటళ్ళవరకు ఈ జాతి కుర్చీలు వ్యాపించెను. అందము కొరకై వెదకిన రూపము కాదది. అడవి, అచ్చు, పెట్టె, ఓడ, వెల యను నైదింటి లెక్క కుదిరినచోట తానై నిలిచిన రూపము.

ఇచట మనము నిలిచి ఆలోచింపవలసిన విషయమొకటి కలదు. ఈ కుర్చీని కల్పించినవాడు నిపుణుడైన వడ్రంగి. కాని దానిని చేయుటకు నిపుణుడైన వడ్రంగి అక్కరలేకపోయెను. ఒకరు ఆవిరిపెట్టెకడ, ఒకరు అచ్చుకడ, వేరొకరు బెత్తమల్లుచు పనిని పంచుకొనిరి. కొరిట్షాను పల్లెవాసులకు కూలి దొరకెను. ఊరూరి కుర్చీపనివానికి బేరము తగ్గెను. ఈ రెండును నిజములే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచుట చరిత్రకారునికి తగదు.

థోనెట్ 1871లో మరణించెను. తరువాతి శిల్పులు ఇతని మార్గమును సిద్ధాంతముగా చేసిరి. వియన్నా శిల్పి ఆడాల్ఫ్ లూస్ నగిషీని ఖండించుచు, అది పనివాని కాలమును వృథాపుచ్చునదనియు, ఆ శ్రమకు తగిన కూలి వానికి ముట్టదనియు వాదించెను. 1925లో పారిసున ల కార్బూజియే తాను కట్టిన ప్రదర్శనశాలలో థోనెట్ కుర్చీలనే యుంచెను. 1919లో వైమారున నెలకొన్న బౌహౌస్ శిల్పవిద్యాలయమున మార్సెల్ బ్రాయర్ కొయ్యకు బదులు ఉక్కుగొట్టమును వంచెను. ఆ సామానులను పిమ్మట థోనెట్ సంస్థయే తయారుచేసెను.

ఈ విద్య మనకు పరాయిదా? 1958లో భారతప్రభుత్వము కోరగా చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులొక నివేదిక వ్రాసిరి. దేశమున తాము చూచిన వస్తువులలో వారు మిక్కిలి కొనియాడినది సామాన్యమైన చెంబు. అది ఏ యొక్కని కల్పనయు కాదనియు, తరతరముల చేతులలో తీరినదనియు వారి భావము. నీరు నిండినపుడు తూకమెట్లు, పట్టుకొన చేతికి కుదురెట్లు, వంచిన ధార యెట్లు, తోముట యెట్లు అను ప్రశ్నలన్నిటికి ఆ రూపమే సమాధానము. ఆ నివేదిక ఫలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ రూపకల్పనా సంస్థ యేర్పడెను. థోనెట్ పేరు లోకమునకు తెలియును. చెంబును దిద్దిన మన కంచరుల పేర్లు ఎవరికిని తెలియవు.

కావున పోషకమహాశయులకు మాదొక మనవి. నగిషీ చెక్కినవాని తప్పును పువ్వు దాచును, లత దాచును. నున్నని పనిలో దాచుటకు చోటులేదు. అతుకు సందు వెండ్రుకవాసి యున్నను కంటబడును. ఐనను బేరమాడునపుడు, నగిషీ లేదుగదా యని నున్నని పనికే కూలి తగ్గింతుము. ఇది న్యాయము కాదు. తీసివేయుటయు శ్రమయే, ఆ శ్రమను గుర్తించి వెల కట్టుడు. యువకులారా, మీరును ఇంటనున్న పాత పీటనో, చెంబునో చేతబట్టి, ఇందేది తీసివేసిన పని చెడును, ఏది తీసివేసిన చెడదు అని ప్రశ్నించుకొనుడు. మితశిల్పమునకు అదియే మొదటి పాఠము.