ఒంగోలు తీరంలో తాబేళ్ల కాపలా

ఏటా మార్చి వచ్చేసరికి పత్రికల జిల్లా పేజీల్లో ఒక ఫొటో పడుతుంది. ఇసుక మీద ఒక తొట్టి, అందులో అరచేతిలో ఇమిడే తాబేలు పిల్లలు, చుట్టూ అటవీ అధికారులు, సంస్థల కార్యకర్తలు, బడి పిల్లలు. ఫొటో కింద మూడు వాక్యాల్లో చరిత్ర ముగుస్తుంది. ఒడిశాకు వెళ్లే ఆలివ్ రిడ్లే తాబేళ్లు దారిలో మన తీరాన గుడ్లు పెడతాయట. ఆ గుడ్లను కుక్కలు, నక్కలు, మనుషులు తినేసేవారట. స్వచ్ఛంద సంస్థలు వచ్చి హ్యాచరీలు పెట్టాక తాబేళ్లు గట్టెక్కాయట. మొదటి వాక్యం సగం నిజం. రెండోది నిజమే కానీ చిన్న నిజం. మూడోదాన్ని ఒప్పుకోవడం నాకు కష్టం.

మాది చీమకుర్తి. గ్రానైట్ క్వారీల ఊరు. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. ఈ దూరం వల్ల ఒక మేలు ఉంది: తీరంలో పనిచేసే ఏ సంస్థకూ నేను చుట్టాన్నీ కాను, పోటీదారునీ కాను.

అందరికీ తెలిసిన భాగం త్వరగా చెప్పేస్తాను. శ్రీకూర్మంలో విష్ణువు కూర్మరూపంలో పూజలందుకుంటున్నాడు. దేవుడి రూపమన్న భావంతో తాబేలును చంపని మత్స్యకారులు మన తీరమంతటా ఉన్నారు. అయితే ఆ భక్తి గుడ్ల దాకా అన్నిచోట్లా వెళ్లలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. సముద్ర తాబేళ్లు అందులో మొదటి షెడ్యూలుకెక్కింది 1977లో. ఈలోగా 1973-74లో రోములస్ విటేకర్, మద్రాసు పాముల పార్కు మిత్రులు రాత్రిళ్లు ఇసుక వెంట నడిచి గుడ్లు ఏరి హ్యాచరీ పెట్టారు. 1974లో ఒడిశాలోని గహీర్‌మాథ సామూహిక గుడ్ల స్థావరం శాస్త్రలోకానికి తెలిసింది. 1980ల తొలినాళ్లలో జె. విజయ అనే యువ పరిశోధకురాలు బెంగాల్ తీరంలో తాబేళ్ల వధను ఫొటోలు తీసింది. అవి పత్రికకెక్కాక ఇందిరా గాంధీ కలగజేసుకున్నారు, కోస్ట్ గార్డ్ గస్తీ మొదలైంది. 1988లో మద్రాసు విద్యార్థులు తమ సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ కుర్రాళ్లలో ఒకరైన కార్తీక్ శంకర్ తర్వాత దేశంలో పేరున్న తాబేళ్ల శాస్త్రవేత్త అయ్యారు.

ఈ కథకు ఒక కొస మద్రాసు, మరో కొస ఒడిశా. నడుమ ఉన్న మన తీరం దారిగానే మిగిలిపోయింది. దారి అన్నమాట పూర్తిగా చెల్లదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎస్. రాజశేఖర్, ఎం.వి. సుబ్బారావు ఉత్తరాంధ్ర తీరాన్ని పరిశీలించి 1993లో వ్యాసం ప్రకటించారు. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున బసుదేవ్ త్రిపాఠి 2000-01 ప్రాంతంలో రాష్ట్ర తీరాన్ని సర్వే చేశారు. 2003లో అచ్చయిన ఆ ఫలితాలు ఆంధ్ర తీరంలో ముఖ్యమైన గుడ్ల స్థావరాలు ఉన్నాయని నిర్ధారించాయి. గోదావరి ముఖద్వారంలోని శాక్రమెంటో దీవి, కృష్ణా ముఖద్వారపు ఇసుక తిన్నెలు అలాంటివే. గుడ్లు పెట్టడానికి వచ్చిన ఆడ తాబేలుకు అది బాటసారి మజిలీ కాదు, గమ్యం. ఒంగోలు తీరంలో గూళ్లు పలచగా ఉంటాయన్నది నిజం. ఎప్పుడూ అంత పలచగానే ఉండేవా అన్నది వేరే ప్రశ్న. దాన్ని అడిగినవాళ్లు తక్కువ.

నా దృష్టిలో ఆ ప్రశ్నకు జవాబు 1977కీ 1996కీ మధ్య ఉంది. పత్రికల మూడు వాక్యాల చరిత్ర సరిగ్గా ఈ ఇరవై ఏళ్లనే దాటేస్తుంది.

1977 నవంబరు 19 తుపాను దివిసీమను ముంచింది. పది వేల మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత తీరం పొడవునా గాలికి అడ్డుగా సరివి తోటలు వేయడం ప్రభుత్వ విధానమైంది. 2004 సునామీ తర్వాత అదే పని మరో విడత జరిగింది. ఆడ తాబేలుకు కావలసింది పోటు గీత పైన తెరిపిగా, మెత్తగా ఉన్న ఇసుక. చెట్ల వరస ఆ గీతకు మరీ దగ్గరగా వస్తే వేళ్లు తగిలి గుంట దిగదు. మొక్కల వల్ల కట్టుబడిన ఇసుక ముందుకు జరగలేక, అలల కోతకు నిలువుగా తెగుతుంది. మిగిలిన ఇరుకు పట్టీలో పెట్టిన గుడ్లను ఉప్పునీరు ముంచుతుంది. సునామీ తర్వాత తమిళనాడు ఉత్తర తీరంలో వేసిన సరివి తోటల మీద శాస్త్రవేత్తలు ఇదే అభ్యంతరం చెప్పారు. చీరాల నుంచి సింగరాయకొండ దాకా ఇసుక మీద నడిచినవారికి చెట్టుకూ అలకూ మధ్య ఎంత చోటు మిగిలిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ నేనే కొంత వెనక్కి తగ్గాలి. సరివి మన తీరానికి 1977లో వచ్చింది కాదు. వంటచెరకు కోసం మద్రాసు ప్రభుత్వం పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలోనే తీరంలో నాటించింది. ఉప్పెనలో ఇంటిల్లిపాదినీ పోగొట్టుకున్న ఊరికి వెళ్లి చెట్లు వద్దనగల మనిషి ఎవరూ ఉండరు. ఇంకో చిక్కూ ఉంది. తాబేలు పిల్ల ఆడో మగో తేల్చేది గూటి వేడి. ఇసుక వేడెక్కిన కొద్దీ ఆడవి పెరుగుతాయి, చల్లబడితే మగవి. ఎండలు ముదురుతున్న ఈ రోజుల్లో కాస్త నీడ మేలే చేయవచ్చు. కాబట్టి నా అభ్యంతరం సరివి మీద కాదు, దాన్ని పోటు గీత దాకా తెచ్చిన అలవాటు మీద.

రెండో మార్పు రొయ్య. 1990ల మొదటి సగంలో నెల్లూరు, ప్రకాశం తీరాల్లో రొయ్యల చెరువులు తామరతంపరగా పుట్టుకొచ్చాయి. 1994-95లో తెల్లమచ్చల తెగులు వాటిని ఊడ్చేసింది. 1996 డిసెంబరు 11న జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు తీరప్రాంత నియంత్రణ మండలంలోని చెరువులకు వ్యతిరేకంగా తీర్పునిచ్చింది. పర్యావరణవాదులు ఈ కథను నేల ఉప్పుబారడం గురించి, తాగునీరు చెడడం గురించి చెబుతారు. తాబేళ్లతో ముడిపెట్టరు. ముడి గట్టిదే. అప్పటి పెంపకం టైగర్ రొయ్యది. దాని పిల్ల కోసం హ్యాచరీలకు సముద్రంలో పట్టిన తల్లి రొయ్యలు కావాలి. విశాఖ, కాకినాడ రేవుల్లో ఒక్కో తల్లి రొయ్యకు పలికిన ధర మరబోటును ఒడ్డు దగ్గరకు లాగింది. జతకట్టే కాలంలో తాబేళ్లు గుమిగూడేదీ ఆ నీళ్లలోనే. పైగా సముద్రపు నీరు తోడుకోవడానికి రొయ్యల హ్యాచరీలు ఒడ్డునే వెలిశాయి, రాత్రంతా దీపాలతో. గూట్లోంచి బయటపడిన పిల్ల వెలుగున్న దిక్కుకు పోతుంది. ఎదురుగా సముద్రం కంటే షెడ్డు ఎక్కువ వెలిగితే దాని నడక షెడ్డు వైపే.

రొయ్యే తాబేలును చంపిందని ఒక్క ముక్కలో తేల్చడానికీ నేను సిద్ధంగా లేను. 2009 తర్వాత వనామీ అనే రకం రొయ్య వచ్చింది. దాని తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో దిగుతున్నాయి. అంటే మన సముద్రంలో తల్లి రొయ్య వేట ఒత్తిడి చాలామటుకు తగ్గి ఉండాలి. ఒక కారణం బలహీనపడినా తాబేళ్ల చావులు ఆగలేదు. కాబట్టి మూడో కారణానికి ఎక్కువ బరువు ఇస్తాను. అది ట్రాల్ వల.

తాబేలుకు ఊపిరితిత్తులున్నాయి. గాలి కోసం పైకి రావాలి. అడుగు వలను మరబోటు గంటల తరబడి లాగుతుంటే అందులో చిక్కిన తాబేలు పైకి రాలేక చనిపోతుంది. ఒడిశాలో 1997-98 ఒక్క కాలంలోనే 13 వేలకు పైగా కళేబరాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపలవేట నియంత్రణ చట్టం 1994లో వచ్చింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్లు సంప్రదాయ వేటకు వదలాలన్నది నియమం. ఒంగోలు తీరంలో ఈ గీతను మీరేది ఎక్కువగా సోనా బోట్లని మత్స్యకారులు ఏళ్లుగా చెబుతున్నారు. తమిళనాడు నుంచి వచ్చే ఆ పెద్ద బోట్ల మీద వాళ్ల కోపం తాబేలు కోసం కాదు, తెగిన వలల కోసం, పోయిన చేపల కోసం. అయినా వాళ్ల కోపానికీ తాబేళ్ల చావుకూ మూలం ఒక్కటే.

వల నుంచి తాబేలు తప్పించుకునే ఏర్పాటు లేకపోలేదు. వల గొంతులో అడ్డంగా ఒక ఇనుప జల్లెడ, దాని పైన ఒక తలుపు. రొయ్య కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతుంది, తాబేలు తలుపు నెట్టుకుని బయటపడుతుంది. పేరు టెడ్. ఈ జల్లెడ వాడని దేశాల రొయ్య తమకు వద్దని అమెరికా పట్టుబట్టింది. 1996లో భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఫిర్యాదు చేశాయి. 1998లో అప్పీలు తీర్పు వచ్చింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు సరిపోయే టెడ్‌ను రూపొందించింది. బోట్ల యజమానులు మాత్రం పట్టిన చేపలో కొంత ఆ తలుపులోంచే జారిపోతుందన్నారు. ఆ మాటలో నిజం ఉంది. ఆ నష్టాన్ని ఎవరు భరించాలో ఏ ప్రభుత్వమూ తేల్చలేదు. గత దశాబ్దం చివర్లో అమెరికా మళ్లీ మన సముద్రపు రొయ్యను ఆపింది.

ఇప్పుడు తాబేళ్ల హ్యాచరీల దగ్గరకు వద్దాం. 1987లో క్రౌజ్, క్రౌడర్, కాస్వెల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు లాగర్‌హెడ్ తాబేళ్ల మీద ఒక లెక్క కట్టారు. గూళ్లలో ఒక్క గుడ్డూ పోకుండా కాపాడినా, ఎదిగిన తాబేళ్లు వలల్లో చస్తూ ఉంటే సంతతి తగ్గుదల ఆగదని తేల్చారు. జాతి వేరు, సముద్రం వేరు. తర్కం మాత్రం రిడ్లేకు కూడా పడుతుంది. గుడ్లు పెట్టే వయసు రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. అంతవరకు బతికిన ఆడ తాబేలు ఒక్కో విడత నూరు, నూట ఇరవై గుడ్లు పెడుతుంది. దాన్ని పోగొట్టుకుని తొట్టిలో నూరు పిల్లల్ని లెక్కపెట్టుకోవడం లాభసాటి బేరం కాదు.

ఇలా అన్నంత మాత్రాన రాత్రి కాపలా కాసేవాళ్లను తక్కువ చేయడం లేదు. విశాఖలో 1996లో ప్రదీప్ కుమార్ నాథ్ స్థాపించిన జంతు సంరక్షణ సంస్థ తాబేళ్ల గూళ్ల పని చేసింది. 2002లో సుప్రజా ధారిణి చెన్నై తీరంలో మొదలుపెట్టిన ట్రీ ఫౌండేషన్ దక్షిణాంధ్ర తీరానికి కూడా విస్తరించింది. మత్స్యకార యువకులకే భత్యమిచ్చి రక్షకులుగా పెట్టుకోవడం ఆ సంస్థ చేసిన మంచి పని. పత్రికలు వాళ్లను స్వచ్ఛంద కార్యకర్తలని రాస్తాయి. అది సరికాదు, అవసరమూ లేదు. కూలి తీసుకుని చేసే నిజాయితీ పనికి గౌరవం తక్కువేమీ కాదు. వాళ్ల నైపుణ్యం చూడాలి: ఇసుక మీది జాడ చూసి తాబేలు గుడ్లు పెట్టిందా, ఊరికే తిరిగి వెళ్లిందా చెప్పగలరు. గుడ్లు తీయాలంటే పెట్టిన కొద్ది గంటల్లోనే తీయాలి. ఆలస్యమైతే లోపలి పిండం పెంకుకు అంటుకుంటుంది, కదిపితే చస్తుంది. అందుకే ఈ పని అర్ధరాత్రి పని. పర్యాటకులతో నిండిపోయిన రామాపురం, వాడరేవు లాంటి చోట్ల గుడ్లను అక్కడే వదిలేయడం కుదరదు, హ్యాచరీ తప్పదు.

నాకు మింగుడుపడనిది ఆ పని చుట్టూ పెరిగిన తంతు. పొదిగిన పిల్లలు గూటి నుంచి బయటికొచ్చిన తొలి రోజు శక్తితోనే లోతు నీళ్లకు ఈదాలి. ముఖ్య అతిథి వచ్చేదాకా తొట్టిలో గింజుకుంటే ఆ శక్తి తొట్టిలోనే అయిపోతుంది. వదిలిన పిల్లల సంఖ్య నివేదికలో మొదటి పేజీలో ఉంటుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద తాబేళ్ల సంఖ్య కోసం వెతుక్కోవాలి. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల వెయ్యికి పైగా తాబేళ్లు చచ్చి ఒడ్డుకొచ్చాయి. ఆ మరుసటి నెలలోనే ఒడిశాలోని ఋషికుల్య దగ్గర ఆరున్నర లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయని రికార్డుగా ప్రకటించారు. రెండో వార్తను మొదటిదానికి జవాబుగా చెప్పుకున్నవాళ్లున్నారు. ఒకచోటి సమృద్ధి ఇంకోచోటి చావుకు సమాధానం ఎలా అవుతుంది?

దీనికంతకూ సర్కారు క్యాలెండరు తోడైంది. మన తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టేది ప్రధానంగా జనవరి నుంచి మార్చి దాకా. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల సంతానం కోసం పెట్టిన గడువు. తాబేలుకు పెద్దగా పనికిరాదు. ఆ రెండు నెలలకు మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతి 10 వేల నుంచి 20 వేల రూపాయలైంది, సంతోషం. గూళ్ల కాలంలో ట్రాల్ వల ఆపినవాడికి ఇచ్చేది ఏమీ లేదు. ఒడిశాలో ధామ్రా, దేవి, ఋషికుల్య ముఖద్వారాల దగ్గర నవంబరు 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపల వేట నిషిద్ధం. అంతటి నిషేధం పలచని గూళ్లున్న మన తీరానికి న్యాయం కాదు. ఇక్కడ ఒక్క వల కొలత మారితేనే ఊళ్లు తన్నుకుంటాయి. 2020 డిసెంబరులో వాడరేవు, కఠారివారిపాలెం మత్స్యకారులు కొట్టుకున్నది ఐలవల, బల్లవల అనే రెండు రకాల వలల తగాదాతోనే. చేయగలిగింది చిన్నదే: ఉన్న 8 కిలోమీటర్ల నియమాన్ని గుడ్లు పెట్టే ఆ మూడు నెలలైనా నిజంగా అమలు చేయడం, మరబోట్లకు మాత్రమే టెడ్ తప్పనిసరి చేసి జారిపోయిన చేపకు పరిహారం కట్టడం. తెప్పల వాళ్లు దీనికి అడ్డుచెప్పరని నా అంచనా. లాభం వాళ్లకే.

రామాయపట్నం దగ్గర 2022లో శంకుస్థాపన జరిగిన ఓడరేవు ఇంకో లెక్క. తూర్పు తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. అలలకు అడ్డంగా రాతిగోడ కడితే గోడకు ఉత్తరాన ఇసుక కొరత పడుతుంది. విశాఖలో నగరపు బీచ్‌కు డ్రెడ్జింగ్ ఇసుక పోస్తూ ఉండవలసి రావడం ఇందుకే. రామాయపట్నానికి ఉత్తరాన ఉన్నవి పాకల, కొత్తపట్నం ఇసుకలు. కొత్తపట్నంలోనూ, వాడరేవులోనూ ఫిషింగ్ హార్బర్లు కడతామని ప్రభుత్వం ప్రకటించింది. వీటి ప్రభావ నివేదికల్లో గూళ్లున్న చోట్లు పటం మీద గుర్తు పెట్టి ఉండాలి. ఆ చోట్లు చెప్పగలిగింది రాత్రిపూట ఇసుక మీద తిరిగే ఆ కుర్రాళ్లే. పిల్లల్ని వదిలే రోజున వాళ్లను ఫొటోకు నిలబెట్టే శాఖలు, రేవు మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగే రోజున వాళ్ల నోటు పుస్తకాలు తెప్పించుకోవాలి. వాటిలో గూళ్ల లెక్కతో పాటు చచ్చిన ప్రతి తాబేలుకూ తేదీ, చోటు, డిప్ప కొలత, ఒంటి మీది వల గుర్తులు రాసే గడి ఉండాలి.