మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్

మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ మందుబిళ్లకు గట్టిదనం, పరిమాణం ఇవ్వడానికి కలిపే తెల్లని పొడి. రంగూ రుచీ వాసనా ఉండవు. ఫార్మా కంపెనీల్లో అందరూ ఎంసీసీ అంటారు. జబ్బు నయం చేసే గుణం లేని ఇలాంటి పదార్థాలే ఎక్సిపియెంట్లు. చాలా బిళ్లల్లో అసలు మందు కొద్ది మిల్లీగ్రాములే, తక్కిన బరువు వీటిదే. అందుకే వీటిని వట్టి పూరకాలుగా చూడడం సరికాదు.

కలపగుజ్జులోని సెల్యులోజ్ గొలుసులు కొన్నిచోట్ల స్ఫటికాలుగా బిగిసి, కొన్నిచోట్ల చిక్కుపడి వదులుగా ఉంటాయి. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడిచేస్తే వదులు భాగాలు తెగిపోయి స్ఫటిక భాగాలు మిగులుతాయి. వాటిని కడిగి, సాధారణంగా స్ప్రే డ్రైయర్‌లో ఆరబెడతారు. అమెరికన్ విస్కోస్ కార్పొరేషన్‌లో బట్టిస్టా, స్మిత్ 1955లో దీన్ని కనుగొన్నారు. 1960లలో అవిసెల్ పేరుతో మార్కెట్‌లోకి వచ్చింది.

దీని గొప్పతనమంతా బిళ్లలు కొట్టే యంత్రం పంచ్ కింద తెలుస్తుంది. ఒత్తిడికి రేణువులు నలిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి, ఒత్తిడి తీసేసినా మళ్లీ పెద్దగా ఉబ్బవు. దగ్గరైన ఉపరితలాల మధ్య హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. కాబట్టి పొడిని తడిపి, గుళికలు చేసి, ఆరబెట్టే పని లేకుండానే నేరుగా బిళ్ల కొట్టవచ్చు. తడికీ వేడికీ చెడిపోయే మందులకు ఇది పెద్ద మేలు. కడుపులోకి వెళ్లాక సన్నని రంధ్రాల గుండా నీటిని లోపలికి లాగి, బిళ్ల విడిపోవడానికీ తోడ్పడుతుంది.

ఎంసీసీలో రేణువు సుమారు 50 మైక్రాన్లుండే రకం 101, 100 మైక్రాన్లుండే రకం 102. రెండోది యంత్రంలోకి సాఫీగా జారుతుంది. పొడి యంత్రానికి అంటుకోకుండా వేసే మెగ్నీషియం స్టియరేట్‌ను ఎక్కువసేపు కలిపితే మాత్రం రేణువులపై పొర కట్టి, బిళ్ల మెత్తబడుతుంది.

సెల్యులోజ్ కుటుంబంలో మిగతావాటి పనులు వేరు. క్రాస్‌కార్మెలోజ్ సోడియం బిళ్లను త్వరగా విడగొడుతుంది, హైప్రోమెలోజ్ పైపూతకూ, మందు నెమ్మదిగా విడుదల కావడానికీ పనికొస్తుంది.

మింగేవారికి హాని చేయని ఈ పొడి తయారుచేసేవారికి అంత సురక్షితం కాదు. సన్నని సెల్యులోజ్ ధూళి గాలిలో నిండినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఎంసీసీ తయారుచేసే ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు 40 మందికి పైగా కార్మికులను బలిగొంది. ధూళి పేరుకోకుండా చూడడం, యంత్రాలకు ఎర్తింగ్, పేలుడు ఒత్తిడి బయటికి పోయే ఏర్పాటు, ఈ మూడూ లేకుండా ఎంసీసీ డ్రైయర్‌ను నడపనివ్వకూడదు.