ఏ నెలల చందా కాన్పుకు అక్కరకొస్తుంది? మదీనాగూడ శ్రామిక స్త్రీలు – ప్రసూతి బీమా

ముంబయి జాతీయ రహదారి మీద మియాపూర్‌కీ చందానగర్‌కీ నడుమ ఉన్న మదీనాగూడలో, ఒకే వీధిలో రోజూ కనిపించే నలుగురు స్త్రీల ప్రసూతి హక్కులు నాలుగు రకాలు. అపార్టుమెంటు పై అంతస్తు నుంచి హైటెక్ సిటీకి వెళ్లే ఇంజనీరుకు జీతంతో 26 వారాల సెలవు ఉంది. అందుకోసం ఆమె ఒక్క పైసా చందా కట్టదు. ఆమె ఆఫీసును తుడిచే హౌస్‌కీపింగ్ ఉద్యోగికీ 26 వారాలే, కానీ ఆమె పేరున ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్‌ఐ) చందా లెక్కలో ఉండాలి. పక్క ప్లాటులో ఇటుకలు మోసే పాలమూరు కూలీకి లేబర్ కార్డు చెల్లుబాటులో ఉంటే సంక్షేమ బోర్డు నుంచి 30,000 రూపాయలు వస్తాయి. నాలుగో ఆమె నాలుగిళ్లలో అంట్లు తోముతుంది. చందా కడతానన్నా కట్టించుకునే కార్యాలయం ఆమెకు లేదు.

క్రమం తప్పకుండా చందా కడితే ప్రసూతి ప్రయోజనం పెరుగుతుందని ఒక సాధారణ నమ్మకం. మన దగ్గర నడిచే పథకాల నియమాలు దగ్గరగా చదివితే ఆ నమ్మకం సగమే నిజమని తేలుతుంది. ఇక్కడ చందా క్రమం ప్రయోజనం మొత్తాన్ని పెంచదు, దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది మాత్రమే తేలుస్తుంది. అదీ మొత్తం ఎన్ని నెలలు కట్టారన్నదాన్ని బట్టి కాదు, ఏ నెలల్లో కట్టారన్నదాన్ని బట్టి. అసంఘటిత కార్మికులకు స్వచ్ఛంద చందా పథకాలు రాసేవారు పట్టించుకోవలసింది ఈ రెండో సంగతినే అని ఈ వ్యాసం వాదన.

డెబ్బై రోజుల లెక్క

ఆచార్య బి.పి. అదార్కర్ 1944లో ఇచ్చిన నివేదిక పునాదిగా 1948లో ఉద్యోగుల రాజ్య బీమా చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరిలో కాన్పూర్, ఢిల్లీల్లో పథకం మొదలైంది. మదీనాగూడ వాళ్లకు ఈఎస్‌ఐ అంటే అదే రహదారి మీద ఉన్న రామచంద్రాపురం ఆస్పత్రో, కాస్త దూరమైనా సనత్‌నగరో గుర్తుకొస్తుంది. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికి ఇది వర్తిస్తుంది. 2019 జులై నుంచి ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం.

నెలకు 15,000 జీతం వచ్చే హౌస్‌కీపింగ్ ఉద్యోగి పే స్లిప్పు ఊహించుకుందాం. పీఎఫ్ వరుస కింద ఈఎస్‌ఐ అని చిన్న అంకె ఉంటుంది: 113 రూపాయలు. ఏడాదికి ఆమె జేబులోంచి పోయేది 1,356. రోజు సగటు వేతనం 500 అనుకుంటే, 26 వారాలకు, అంటే 182 రోజులకు, ఆమెకు రావలసింది 91,000 రూపాయలు. ప్రసూతి ప్రయోజనం సగటు వేతనంలో నూటికి నూరు శాతం కాబట్టి ఇందులో కోత ఉండదు. ఇద్దరు పిల్లలు ఉండగా వచ్చే కాన్పుకు మాత్రం 12 వారాలే.

ఈ 91,000 చేతికి రావడానికి షరతు ఒక్కటే. కాన్పు జరిగే ప్రయోజన కాలానికి ముందరి రెండు చందా కాలాల్లో కలిపి కనీసం 70 రోజులకు చందా చెల్లించవలసి ఉండాలి. చందా కాలాలు ఏప్రిల్–సెప్టెంబరు, అక్టోబరు–మార్చి. ప్రయోజన కాలాలు జనవరి–జూన్, జులై–డిసెంబరు. రెంటికీ మధ్య మూడు నెలల ఎడం. ఆ ఎడంలోనే అసలు కథ ఉంది.

2025 ఫిబ్రవరిలో కాన్పయిన స్త్రీకి లెక్కలోకి వచ్చేవి 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు దాకా ఉన్న నెలలు. ఆమె గర్భం దాల్చింది 2024 మేలో అనుకుంటే, అయిదో నెల నిండాక పని మానేసినా నష్టం లేదు, ఆ తర్వాతి నెలల్ని ఎవరూ అడగరు. యజమాని చందా ఎగ్గొట్టినా, కట్టవలసిన బాధ్యత ఉందని తేలితే ఆమె హక్కు పోదు. ఉద్యోగం ఊడినా పాత చందాల అర్హత మిగులుతుంది. గర్భిణి పరిస్థితి తెలిసినవాళ్లు రాసిన నియమమని ఇక్కడ ఒప్పుకోవాలి.

అదే నియమం ఇంకోచోట గట్టిగా దెబ్బ తీస్తుంది. మొదటిసారి ఈఎస్‌ఐలో చేరినవారికి ప్రయోజన కాలం చేరిన తొమ్మిది నెలలకు గానీ మొదలుకాదు. 2024 జూన్ 1న కొత్తగా పనిలో చేరిన స్త్రీకి 2025 మార్చి 1 దాకా తలుపు తెరుచుకోదు, ఫిబ్రవరి కాన్పుకు రూపాయి రాదు. కడుపుతో ఉండి పనికి కుదిరిన మనిషికి ఏమీ ముట్టకుండా చేసే గడువు సరిగ్గా తొమ్మిది నెలలే. మరొకటి చూడండి. 2023 అక్టోబరు–2024 మార్చి మధ్య మాత్రమే పనిచేసి ఆపేసిన స్త్రీకి 2025 జూన్ 30న కాన్పయితే పూర్తి ప్రయోజనం, జులై 1న అయితే సున్నా. ఒక్క రాత్రిలో 91,000 రూపాయల తేడా!

ఐటీ కారిడార్‌లో దీనికి తోడయ్యే తంటా కాంట్రాక్టర్లు మారడం. ఆఫీసు అదే, చీపురు అదే, మనిషీ అదే. హౌస్‌కీపింగ్ ఏజెన్సీ పేరు మాత్రం మారుతుంది. ఈఎస్‌ఐ బీమా నంబరు జీవితాంతం ఒక్కటే ఉండాలి. కొత్త ఏజెన్సీ పాత నంబరు అడగకుండా కొత్తది తీస్తే, ఆమె చందా రోజులు రెండు ఖాతాల కింద చీలిపోతాయి. ఒకదాంట్లో 45, ఇంకోదాంట్లో 40 ఉంటే, కలిపితే అర్హత ఉన్నా విడివిడిగా ఏదీ 70 దాటదు. చందా క్రమం తప్పింది ఆమె వల్ల కాదు.

కార్డు, కాన్పు, మేస్త్రీ సంతకం

స్వచ్ఛంద చందాకు మన ప్రాంతంలో అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు. 1996 చట్టం తెచ్చిన నియమం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు వారు, గత 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు సభ్యులు కావచ్చు. తెలంగాణలో సభ్యత్వ చందా ఏడాదికి 12 రూపాయలు, అయిదేళ్లకు ఒకేసారి 60. ప్రసూతి సహాయం 30,000, రెండు కాన్పులకు మించకుండా. నిధిని నిజంగా నింపేది ఆ పన్నెండు రూపాయలు కాదు, నిర్మాణ ఖర్చు మీద బిల్డరు కట్టే ఒక శాతం సెస్సు. మదీనాగూడలో లేచిన ప్రతి టవరూ ఆ నిధికి బాకీ ఉన్నదే.

అయినా ఆ పన్నెండు రూపాయలకు చట్టం పెద్ద పని అప్పగించింది. ఏడాదికి తగ్గకుండా వరుసగా చందా కట్టకపోతే సభ్యత్వం రద్దవుతుందని 17వ సెక్షన్ చెప్పింది. అదే సెక్షన్‌లో దయ కూడా ఉండేది: కట్టలేకపోవడానికి తగిన కారణం చూపి బకాయి కట్టేస్తే బోర్డు కార్యదర్శి సభ్యత్వాన్ని తిరిగి నిలబెట్టవచ్చు. గర్భం, కాన్పు తగిన కారణాలేనని ఆ సెక్షన్ విడమరచలేదు. విడమరచి ఉంటే ఎంతోమందికి తిప్పలు తప్పేవి.

అడ్డా కూలీకి చందా డబ్బు సమస్యే కాదు, ఒక టీ ధర. ఆమెకు కష్టమైంది తొంభై రోజుల పనికి రుజువు. పొద్దున్నే కూడలిలో నిలబడితే ఎవరో ఒక మేస్త్రీ బండెక్కిస్తాడు, రేపు ఇంకొకడు. ఎవరి సంతకం తేవాలి? పాలమూరు నుంచి జంటగా వచ్చిన వాళ్లలో కార్డు ముందు మగవాడి పేరునే తీసే అలవాటు ఒకటి. ఆరో నెల వచ్చేసరికి ఆమె తట్ట దించి ఊరికి పోతుంది, కార్డు రెన్యూవల్ గడువు ఆ నెలల్లోనే పడితే చూసేవాళ్లుండరు. ఈఎస్‌ఐ వదిలేసిన నెలలే బోర్డు నియమంలో గొంతుకు అడ్డం పడతాయి.

స్వచ్ఛంద సభ్యులకు ప్రసూతి ప్రయోజనం ఇచ్చే ఫిలిప్పీన్స్ పద్ధతి ఇక్కడ పోల్చదగింది. అక్కడి సామాజిక భద్రతా వ్యవస్థలో కాన్పు పడే అర్ధ సంవత్సరానికి ముందరి 12 నెలల్లో కనీసం మూడు నెలల చందా ఉంటే చాలు. ప్రయోజనం మాత్రం ఆ 12 నెలల్లో అత్యధికంగా చూపిన ఆరు నెలల ఆదాయ శ్రేణుల్ని కూడి, 180తో భాగించి, 2019 చట్టం ఇచ్చిన 105 రోజులతో హెచ్చవేసి ఇస్తారు. మూడు నెలలే కట్టినామెకు అర్హత వస్తుంది కానీ సొమ్ము సగానికి పడిపోతుంది, ఆరు నెలలు కట్టినామెకు పూర్తిగా వస్తుంది. ఏడో నెల నుంచి అదే శ్రేణిలో కట్టినదానికి ఈ లెక్కలో అదనపు ఫలం లేదు. అంటే క్రమానికి నిజంగా మెట్లున్న పద్ధతి ఇది. అయినా ఆ మెట్లు ఆరో నెలతో ఆగిపోతాయి. మన రెండు పథకాల్లో మెట్లు లేవు, గడప ఒక్కటే ఉంది.

చందా లేని సహాయం, స్వచ్ఛందం హద్దులు

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్ పథకం చందా ఊసే ఎత్తలేదు. ప్రభుత్వ ఆస్పత్రిలో కాన్పయితే అబ్బాయికి 12,000, అమ్మాయికి 13,000 విడతలుగా ఇచ్చేది. చందా స్థానంలో ఆస్పత్రి హాజరు వచ్చి కూర్చుంది: పరీక్షలకు రావాలి, టీకాలు వేయించాలి. అంట్లు తోమే స్త్రీకి దక్కే తరహా సహాయం ఇదే. అయితే ఇది పోయిన కూలికి బదులు కాదు, ఆస్పత్రికి రప్పించే ప్రోత్సాహకం.

మరి ఆమె చేత స్వచ్ఛందంగా చందా కట్టిస్తే? ఉమ్మడి రాష్ట్రంలో 2009 నాటి అభయహస్తం ఒక జవాబు ఇచ్చింది. మహిళా సంఘ సభ్యురాలు రోజుకు రూపాయి, ప్రభుత్వం రూపాయి, అరవై ఏళ్లు దాటాక పింఛను. సంఘం సమావేశమే వసూలు కేంద్రమైతే పేద స్త్రీలు చందా కట్టగలరని అది చూపింది. కానీ ముసలితనం అందరికీ వచ్చేదే. కాన్పు అలా కాదు, ఎప్పుడన్నది ముందే కొంత తెలుస్తుంది. స్వచ్ఛందంగా వదిలేస్తే కాన్పు దగ్గరపడినవాళ్లే చేరతారు, నిధి ఖాళీ అవుతుంది. దాన్ని ఆపడానికి పథకం నిరీక్షణ గడువు పెడుతుంది. ఆ గడువు పని నిలకడ లేనివాళ్లనే బయటికి నెడుతుంది. అందుకే ఉత్త స్వచ్ఛంద చందా మీద ప్రసూతి బీమా నిలబడదని నా అభిప్రాయం.

ఖర్చంతా ఒక్క యజమాని మీద పడేసినా చిక్కే. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో జరిగిన సవరణతో సెలవు 12 నుంచి 26 వారాలకు పెరిగినప్పుడు ఐటీ కారిడార్ యజమానులే ఆ జీతం మొత్తం భరించాల్సి వచ్చింది. ఆ భారం ఏ ఒక్క యజమాని మీదా నేరుగా పడకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒడంబడిక చెబుతుంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసన మండలిలో ప్రసూతి బిల్లును సమర్థిస్తూ, భారంలో పెద్ద పాలు ప్రభుత్వం మోయాలన్నారు.

ఇప్పుడు సమయం వచ్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. యాప్‌ల ద్వారా పనిచేసే గిగ్ కార్మికుల కోసం రాయదగిన పథకాల్లో ఆరోగ్య, ప్రసూతి ప్రయోజనాల్ని అది పేరుపెట్టి చేర్చింది. యాప్ సంస్థలు వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, కార్మికులకిచ్చే మొత్తంలో 5 శాతానికి మించకుండా, కట్టాలంది. తెలంగాణ కూడా 2025 ఏప్రిల్‌లో సొంత ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది. ఈ పద్ధతిలో మదీనాగూడ ఫ్లాట్లకు యాప్ పిలుపు మీద వచ్చి బ్యూటీ పనులు చేసే యువతికి ప్రతి బుకింగులోనూ చందా పుడుతుంది, ఆమె మరిచిపోయే వీలే లేదు.

ఈ పథకాల నియమాలు రాసే అధికారులకు, వాటి మీద అభిప్రాయాలు పంపే సంఘాలకు ఒక విన్నపం. అర్హత రోజుల్ని కాన్పుకు ముందరి ఏడాదిలో కాకుండా 24 నెలల్లో వెతకండి. గర్భం తెలిసిన నాటి నుంచి చందా తెగితే దాన్ని తెగినట్టు లెక్కించకండి, బకాయి కట్టే హక్కును నియమంలోనే రాయండి. ఇళ్లలో పనిచేసే స్త్రీల పేర్లు ఈ పథకాల సభ్యుల జాబితాలో మొదటి రోజే చేర్చండి.