గద్దార్ ఎవరు?

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. జాసూసులంటే మాకు ఇబ్న్-ఎ-సఫీ నవల్లే. లెక్కల కితాబ్ మధ్య దాచుకుని చదివేవాళ్లం. ఇమ్రాన్ ఎన్ని కోతి వేషాలేసినా, కర్నల్ ఫరీదీ ఎంత తిరిగినా, చివరికి ముజ్రిం దొరికేవాడు. ఎవరు గద్దారో, ఎవరు వఫాదారో తేలిపోయేది. హాయిగా నిద్రపట్టేది.

ఆ యఖీన్‌ను విరగ్గొట్టింది ఓ బ్రిటిష్ ఫిలిం: ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’. 1963లో వచ్చిన జాన్ లె కారే నవలను మార్టిన్ రిట్ 1965లో నలుపు తెలుపుల్లో తీశాడు. హీరో రిచర్డ్ బర్టన్.

కిస్సా బెర్లిన్ దీవార్ దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. బ్రిటిష్ జాసూస్ లీమస్, ఉద్యోగం పోయిన తాగుబోతులా నటిస్తూ తూర్పు జర్మనీకి అమ్ముడుపోతాడు. అక్కడి జాసూసీ అధికారి ముంట్‌ను ఖతం చేయించడమే తన పని అనుకుంటాడు. ముంట్ పాత నాజీ. అతని కింద పనిచేసే ఫీడ్లర్ యూదుడు, నమ్మిన కమ్యూనిస్టు. ముంట్ బ్రిటన్ మనిషేనని ఫీడ్లర్‌కు షక్. ఆ షక్ నూటికి నూరు పాళ్లు నిజం. కానీ విచారణలో సబూత్‌లన్నీ తిరగబడి ఫీడ్లరే గద్దార్ అవుతాడు. లండన్ వాళ్ల అసలు పథకం అదే, తమ ముంట్‌ను కాపాడుకోవడం. ఆ సంగతి లీమస్‌కే చెప్పలేదు. అతన్ని ప్రేమించిన లైబ్రరీ అమ్మాయిని కూడా ఆమెకు తెలియకుండానే గవాహీకి వాడుకున్నారు.

ఇదంతా ఖయాలీ పులావ్ అనుకోకండి. 1961 ఆగస్టులో గోడ లేచినప్పుడు లె కారే బాన్‌లోని బ్రిటిష్ ఎంబసీలో గూఢచారి. అదే బాన్‌లో చాన్సలర్ అడెనావర్‌కు కుడిభుజం హన్స్ గ్లోబ్కే. నాజీల న్యూరెంబర్గ్ చట్టాలకు 1936లో వ్యాఖ్యానం రాసినవాళ్లలో ఒకడు! 1963 దాకా కుర్సీ దిగలేదు. సోవియట్ జాసూసులను పట్టుకునే పశ్చిమ జర్మనీ విభాగాన్ని నడిపిన హైంజ్ ఫెల్ఫే మాజీ ఎస్‌ఎస్ అధికారి. 1961 నవంబరులో పట్టుబడ్డాడు. తీరా చూస్తే అతనే సోవియట్ జాసూస్. ఇలాంటి పాత నాజీలు అందరికీ పనికొచ్చారు.

డైరెక్టర్ రిట్‌కూ ఈ దర్ద్ తెలుసు. 1950ల అమెరికాలో కమ్యూనిస్టన్న ఇల్జాంతో టీవీలో పని పోగొట్టుకున్నవాడు.

చివర్లో లీమస్ గోడెక్కుతాడు. అవతల సొంత మనుషులు పిలుస్తుంటారు. ఇవతల ఆ అమ్మాయి శవం. అవతలికి దూకితే జాన్ దక్కేది. అతను ఇవతలికే దిగాడు. తూటాలకు కూలిపోయాడు.

నేను మాత్రం ఫీడ్లర్ దగ్గరే ఆగిపోతాను. కోర్టు వార్తలు రాసే రోజుల్లో, పోలీసులు చెప్పిన మాట మీద ఓ కుర్రాణ్ణి దేశద్రోహిని చేస్తూ పెద్ద హెడ్డింగు పెట్టాను. ఏళ్ల తర్వాత అతను నిర్దోషిగా బయటికొచ్చాడు. అప్పుడు లోపలి పేజీలో నాలుగు లైన్లు రాశాను.

ఫీడ్లర్ ముఖం తెరమీద కనబడినప్పుడల్లా ఆ నాలుగు లైన్లే గుర్తొస్తాయి.