కిరసనాయిలు మంటకు నీలం అద్దం

జనగామలోనైనా మానుకోటలోనైనా ఇప్పుడు రైలుకు దారిచ్చే పచ్చదీపానికి రంగు అద్దంతో పనిలేదు. లోపలి ఎల్‌ఈడీలే పచ్చగా వెలుగుతాయి. నేను సిగ్నల్ శాఖలో ఖలాసీగా చేరినప్పుడు దీపానికి ఉన్న రంగు ఒక్కటే, కిరసనాయిలు మంట పసుపు. ఎరుపూ పచ్చా దాని ముందుకొచ్చే అద్దాలవి.

ఈ లైను నిజాం కాలం నాటిది. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలొచ్చింది. బెజవాడ దాకా పట్టాలు పడేసరికి 1889 అయింది. జనగామ, కాజీపేట, మానుకోట, డోర్నకల్ ఈ దారిలోనివే. డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టాడు. ఆ బొగ్గును మోసుకురావడానికే డోర్నకల్ నుంచి ఒక కొమ్మ లైను వేశారు. రాత్రిపూట కూడా బండ్లు నడవాలి కాబట్టి స్తంభాల మీద దీపాలు వెలగాల్సిందే.

పొద్దు వాలుతుండగా ల్యాంప్‌మ్యాన్ బయల్దేరేవాడు. అంతకుముందే ల్యాంప్ రూంలో కూర్చుని చిమ్నీ మసి తుడిచి, వత్తి కొస సమంగా కత్తిరించి, నూనె పోసేవాడు. దీపాన్ని ఒక చేత పట్టుకుని, రెండో చేత్తో ఇనుప నిచ్చెన పట్టుకుని స్తంభం ఎక్కేవాడు. పైన సిగ్నల్ చేతికి, అంటే పైకీ కిందికీ కదిలే పలకకు, అవతలి వైపున ఒక ఇనుప చట్రం. అందులో పైన ఎర్రద్దం, కింద రెండో అద్దం. చెయ్యి అడ్డంగా ఉంటే దీపం ముందు ఎర్రద్దం నిలుస్తుంది. చెయ్యి కిందికి పడితే చట్రం పైకి లేచి రెండో అద్దం వచ్చి నిలుస్తుంది. దీపం డబ్బా వెనక చిన్న రంధ్రం ఉండేది. చెయ్యి అడ్డంగా ఉన్నంతసేపూ ఆ రంధ్రంలోంచి తెల్లచుక్క కనపడుతుంది. దీపం ఆరిందా లేదా అని స్టేషన్ మాస్టర్ తన చోటి నుంచే చూసుకునేవాడు.

ఆ రెండో అద్దాన్ని పగలు చేతిలోకి తీసుకుంటే పచ్చగా ఉండదు. నీలం కలిసిన రంగు. నేను అడిగితే పెద్ద ల్యాంప్‌మ్యాన్ విసుక్కున్నాడు: "పొద్దుగాల సూస్తే ఏం తెలుస్తదిరా, రాత్రి దీపం పెట్టి సూడు." పెట్టి చూస్తే నిఖార్సైన పచ్చ. కిరసనాయిలు మంటలో ఎరుపూ పసుపూ ఎక్కువ, నీలం తక్కువ. మామూలు పచ్చద్దం పెడితే ఆ పసుపు కలిసి, దూరానికి పాలిపోయిన రంగు కనిపిస్తుంది. ఆ పసుపును నీలపు అద్దం కొంత మింగేసి, పచ్చను మిగులుస్తుంది. చిమ్నీకి మసి పట్టిన రోజున మంట మరింత ఎర్రబారి, పచ్చ దీపమే ముందు మసకబారేది. అందుకే మా దగ్గర మసి తుడవడం చిన్న పని కాదు.

రంగులు కూడా మొదటి నుంచీ ఇలా లేవు. ఇంగ్లండులో తొలిరోజుల్లో దారిచ్చేది తెల్లదీపం, జాగ్రత్త చెప్పేది పచ్చదీపం. ఎర్రద్దం పగిలిందంటే డ్రైవరుకు తెల్లవెలుగే కనపడుతుంది, ప్రమాదం కాస్తా 'దారి ఉంది' అయిపోతుంది. 1876 జనవరిలో అబాట్స్ రిప్టన్ దగ్గర మంచు గడ్డకట్టి సిగ్నల్ చేతులు దిగిన చోటే ఇరుక్కుపోయాయి. తెల్లదీపాలు చూసుకుంటూ వచ్చిన బండి ముందున్న బండిని గుద్దింది. ఆ తర్వాత మెల్లగా తెలుపును తీసేసి, దారికి పచ్చను పెట్టారు. ఏ ఎరుపు ఎంత ఎరుపుగా ఉండాలో కొలతలు కట్టడానికి అమెరికాలో 1908 దాకా పట్టింది. కార్నింగ్ గాజు కంపెనీలో విలియం చర్చిల్ చేసిన పరిశోధన దానికి ఆధారం.

ఏ అద్దమూ పనిచేయని పరిస్థితి ఒకటుంది, పొగమంచు. స్టేషన్ నుంచి 180 మీటర్ల దూరంలో చూపు పరీక్షకు ఒక గుర్తు ఉంటుంది. అది కనపడలేదంటే మాస్టర్ మనుషుల్ని పంపేవాడు. సిగ్నల్‌కు 270 మీటర్ల ముందు పట్టాల మీద పది మీటర్ల ఎడంతో రెండు డెటొనేటర్లు పెట్టేవాళ్లు. ఇంజను చక్రం వాటి మీదికెక్కితే ఢాం అంటాయి. కంటికి అందనిది చెవికి చెప్పడమే.

మా బామ్మర్ది భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేశాడు. అతని లెక్క వేరు. అక్కడ సేఫ్టీ ల్యాంపు వత్తిని బాగా తగ్గించి, మంట కొస మీద లేత నీలం టోపీ కనపడుతుందా అని చూస్తారు. కనపడిందంటే గాలిలో మీథేన్ ఉన్నట్టు. ఆ టోపీ ఎత్తును బట్టి గ్యాస్ ఎంతో చెబుతారు. అది 1.25 శాతం దాటితే కరెంటు ఆపాల్సిందే. మాకు నీలం అద్దంలో ఉండాలి, వాళ్లకు మంటలో ఉండకూడదు.

కరెంటు బల్బు వచ్చాక మా నీలపు అద్దాలు పనికిరాలేదు. బల్బు వెలుగు కిరసనాయిలు కంటే తెల్లన, దాని ముందు అవి నీలంగానే కనపడతాయి. బల్బుకు తగ్గ పచ్చద్దాలు వేరే వచ్చాయి. ఎల్‌ఈడీలు వచ్చి వాటినీ పక్కకు నెట్టాయి. మంచు కొండల్లో స్కీయింగ్ చేసేవాళ్లు మబ్బు పట్టిన రోజున పసుపు అద్దం, ఎండ కాసిన రోజున ముదురు అద్దం పెట్టుకుంటారట. వాళ్లూ మా సూత్రమే పాటిస్తున్నారు. ముందు వెలుగును చూడు, తర్వాత అద్దాన్ని ఎంచుకో.

పాత రైల్వే దీపాలను ఇప్పుడు కొనుక్కుని ఇంట్లో అలంకరణకు పెట్టుకుంటున్నారు. తెల్లటి ఎల్‌ఈడీ బల్బు బిగించి, "పచ్చద్దం మార్చేసి నీలందిచ్చాడు" అని అమ్మినవాణ్ని తిట్టుకునేవాళ్లను చూశాను. అద్దాన్ని మార్చకండి, బల్బును మార్చండి. దొరికినంతలో పసుపు వెలుగుది పెట్టండి, పచ్చ దానంతటదే వస్తుంది.