బ్యాక్ నది

కెనడా ఉత్తర భాగంలోని నది. పొడవు 974 కి.మీ. గ్రేట్ స్లేవ్ సరస్సుకు ఈశాన్యాన పుట్టి, నునావుట్ మీదుగా సాగి, చాంట్రీ ఇన్లెట్ వద్ద ఆర్కిటిక్ మహాసముద్రంలో కలుస్తుంది. పెల్లీ, గ్యారీ, మ్యాక్‌డూగల్, ఫ్రాంక్లిన్ సరస్సులు దీని దారిలోనివే. పరీవాహక ప్రాంతమంతా దాదాపు చెట్లు లేని టండ్రా.

అక్కడి ఇన్యూట్లు తరతరాలుగా చేపలు, కారిబూ దుప్పుల మీద ఆధారపడి బతికారు. దక్షిణాన ఉండే డెనే తెగలవారు దీన్ని పెద్ద చేపల నది అనేవారు. ఆంగ్లేయులు గ్రేట్ ఫిష్ రివర్ అన్నది దాన్ని బట్టే.

1829లో బయల్దేరి జాడ తెలియకుండాపోయిన ఆర్కిటిక్ అన్వేషకుడు జాన్ రాస్‌ను వెతకడానికి బ్రిటిష్ నౌకాదళ అధికారి జార్జ్ బ్యాక్ 1833లో ఇక్కడికి వచ్చాడు. అంతకుముందు అన్వేషకుడు జాన్ ఫ్రాంక్లిన్‌తో మూడుసార్లు ఆర్కిటిక్ తిరిగిన అనుభవజ్ఞుడు. ఆ ఆగస్టులోనే నది మొదలు కనుక్కుని, ఫోర్ట్ రిలయన్స్ అనే స్థావరంలో శీతకాలం గడిపాడు. 1834 జనవరిలో చలి సున్నాకు దిగువన 57 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. మంటకు మూడడుగుల దూరంలో ముఖం కడుక్కున్నా, తుడుచుకునేలోపే జుట్టు మంచుకట్టేదని బ్యాక్ రాసుకున్నాడు. వేట దొరక్క జనం ఆకలితో అల్లాడిన ఆ రోజుల్లో ఎల్లోనైఫ్ తెగ నాయకుడు అకైచో మాంసం తెచ్చి ఆదుకున్నాడు. రాస్ క్షేమంగా ఇంగ్లండు చేరాడన్న కబురు వసంతంలో అందింది. అయినా బ్యాక్ వెనుదిరగలేదు. వైద్యుడు రిచర్డ్ కింగ్ తదితరులతో పడవలో నది వెంట దిగి, 83 చోట్ల జలపాతాలు, సుడులు దాటి, జులై చివరికి సముద్రం చూశాడు. ఎదురైన కొండకొమ్ముకు అప్పటి యువరాణి విక్టోరియా పేరు పెట్టాడు. పెల్లీ, గ్యారీ సరస్సులకు పెట్టినవి యాత్రకు సాయపడిన హడ్సన్స్ బే కంపెనీ పెద్దల పేర్లు. మంచు అడ్డుపడటంతో సెప్టెంబరు చివరికి ఫోర్ట్ రిలయన్స్ తిరిగొచ్చాడు. 1836లో యాత్రాగ్రంథం వెలువరించాడు. తర్వాత నదికి అతని పేరే స్థిరపడింది.

1848లో ఫ్రాంక్లిన్ ఆఖరి యాత్రలో మంచులో చిక్కుకున్న నౌకల నుంచి దిగిన 105 మంది బయల్దేరింది ఈ నదివైపే. వారిలో ఎవరూ బతకలేదు. 1855లో హడ్సన్స్ బే కంపెనీ అధికారి జేమ్స్ ఆండర్సన్ పడవల మీద నది దిగి, ముఖద్వారం దగ్గరి మాంట్రియల్ దీవిలో వారి వస్తువులు కొన్ని కనుగొన్నాడు.

20వ శతాబ్దిలో నదీతీర ఇన్యూట్లలో చాలామంది బేకర్ లేక్, జోవా హేవెన్ ఊళ్లకు తరలిపోయారు. మానవశాస్త్రవేత్త జీన్ బ్రిగ్స్ 1960లలో చాంట్రీ ఇన్లెట్ కుటుంబాలతో కలిసి జీవించి రాసిన పుస్తకం 1970లో వెలువడింది.